లోరెతోలో ఒక మధ్యాహ్నం: మిషన్ ఊరిని సరిగ్గా చూడటం ఎలా?

మెక్సికోలోని బాహా కలిఫోర్నియా సుర్ రాష్ట్రానికి వెళ్లొచ్చిన తెలుగువాళ్లు అక్కడి లోరెతో గురించి నాతో అనే మాట ఒకటే: "ఊరు బాగుంది గానీ అరగంటలో అయిపోయింది." మిషన్ అంటే స్థానికులను క్రైస్తవంలోకి మార్చడానికి పాదరీలు చర్చి చుట్టూ ఏర్పరచుకున్న స్థావరం, లోరెతో అలా పుట్టిన ఊరే. వెళ్లబోయేవాళ్లు అడిగేదీ దాదాపు అదే. ఒక పూట సరిపోతుందా? ఏది ముందు చూడాలి, ఏది తర్వాత?

ఒక పూట సరిపోతుంది, వరస కుదిరితేనే. ఎండ దంచుతున్నప్పుడు వీధుల్లో తిరిగి, ఎండ తగ్గాక మ్యూజియం గుమ్మం దగ్గరికి వెళ్తే అది మూసేసి ఉంటుంది. చల్లబడ్డాక చూడాల్సినవి మండుటెండలో చూసేసి ఉంటారు. మొదటిసారి నేను చేసింది అదే. రెండోసారి వరస మార్చాను. అదే ఊరు, అదే నాలుగు గంటలు, కానీ తృప్తిగా తిరిగొచ్చాను. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను.

1. బయల్దేరే ముందు తేల్చుకోవాల్సినవి

కాగితాలు: భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు మెక్సికో వీసా కావాలి. అయితే గడువు మిగిలిన మల్టిపుల్ ఎంట్రీ అమెరికా వీసా గానీ, గ్రీన్ కార్డు గానీ ఉంటే పర్యాటకులకు విడిగా వీసా అక్కర్లేదు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. హెచ్-1బి పొడిగించారు, ఆ ఆమోదం తెలిపే అమెరికా పత్రం ఐ-797 చేతిలో ఉంది, పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు మాత్రం దాటిపోయింది అనుకోండి. ఆ ఐ-797 మెక్సికో అధికారుల దృష్టిలో వీసా కిందికి రాదు. అలాంటప్పుడు మెక్సికో వీసా ముందే తీసుకోవాలి. అమెరికాకు తిరిగొచ్చే నిబంధనలు వేరే ఉంటాయి కాబట్టి టికెట్లు కొనకముందే మీ ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

నెల: నవంబరు నుంచి ఏప్రిల్ దాకా హాయి. జులై నుంచి సెప్టెంబరు వరకు ఎండకు తోడు ఉక్కపోత, పైగా తుపాన్ల కాలం. చలికాలంలో ఉత్తరం నుంచి గట్టిగాలి వీచే రోజులుంటాయి. సముద్రంలో పడవలు ఆగిపోతాయి గానీ ఊరు చూడటానికి ఇబ్బంది లేదు.

వారం: సోమవారం వద్దు. మెక్సికోలో ప్రభుత్వ మ్యూజియాలకు చాలావాటికి సోమవారం సెలవు. ఆదివారం చర్చిలో పూజలుంటాయి, తీరిగ్గా చూడటం కుదరదు. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏ రోజైనా మంచిదే.

గడియారం: బాహా కలిఫోర్నియా సుర్‌లో ఏడాదంతా ఒకే టైము. వేసవిలో లాస్ ఏంజిల్స్ టైమూ లోరెతో టైమూ ఒకటే. నవంబరు మొదటివారం నుంచి మార్చి రెండోవారం దాకా మాత్రం లోరెతో ఒక గంట ముందుంటుంది. అమెరికా సరిహద్దు ఊరు టిహువానా నుంచి కారులో దిగివచ్చేవాళ్లు దారిలో ఈ గంట పోగొట్టుకున్న సంగతి గమనించరు. మూడు గంటలకే వచ్చామనుకుంటారు, అక్కడ అప్పటికే నాలుగు.

2. సంచిలో ఏముండాలి

☐ వెడల్పు అంచు టోపీ, సన్‌స్క్రీన్, మనిషికి లీటరు నీళ్లు (కుళాయి నీళ్లు తాగొద్దు)
☐ భుజాలు కప్పే చున్నీ గానీ పల్చటి చొక్కా గానీ
☐ పెసోల్లో చిన్న నోట్లు, నాణేలు
☐ పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోకాపీ
☐ ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపు, స్పానిష్ అనువాదం
☐ చదునైన అడుగున్న చెప్పులు లేదా బూట్లు, ఎందుకంటే చర్చి చుట్టుపక్కల రాళ్లు పరిచిన నేల ఉంటుంది

ఏటీఎంలో పెసోలు తీసేటప్పుడు తెరమీద "మీ కరెన్సీలో లెక్కగట్టమంటారా?" అన్న ప్రశ్న వస్తే వద్దనే నొక్కండి. ఆ మారకం రేటు మనకు నష్టం. చర్చి హుండీకి, చిన్న కొట్లకు నాణేలే కావాలి, 500 పెసోల నోటు ఇస్తే చిల్లర ఉండదు.

3. మధ్యాహ్నం వరస

చలికాలానికి పనికొచ్చే లెక్క ఇది:

1:45 – ఊళ్లోకి రావడం, నేరుగా మ్యూజియం గుమ్మం దగ్గరికి వెళ్లి మూసే వేళ చూడటం
2:00 – భోజనం
3:00 – మ్యూజియం
4:00 – చర్చి
4:40 – ప్లాసా (ఊరి నడిబొడ్డు మైదానం), సాల్వతియెర్రా వీధి
5:15 – సముద్రపు ఒడ్డు

మొదటి అంశాన్ని దాటేయొద్దు, పట్టేది రెండు నిమిషాలే. మ్యూజియం మధ్యలో భోజనానికి మూస్తారు, వేళలు కూడా మారుతుంటాయి. ఇంటర్నెట్‌లో కనపడిన టైము కంటే గుమ్మం మీద రాసిందే నమ్మదగ్గది. అక్కడ ఎవరైనా కనిపిస్తే "ఆ కె ఓరా సియెర్రన్?" అని అడగండి, ఎన్నింటికి మూస్తారు అని అర్థం. తొందరగా మూసేస్తామంటే భోజనం వెనక్కి జరిపి మ్యూజియంతోనే మొదలెట్టండి. మెక్సికోలో మధ్యాహ్న భోజనం నాలుగింటి దాకా సాగుతుంది కాబట్టి ఆకలితో మిగిలిపోయే భయం లేదు.

డిసెంబరులో సూర్యాస్తమయం సుమారు ఐదున్నరకు, జూన్‌లో ఏడుంపావు దాటాక. వేసవిలో వెళ్తే మ్యూజియం, చర్చి అదే టైములో ముగించి, ఐదు నుంచి ఆరు దాకా ఏ ఐస్‌క్రీమ్ కొట్లోనో నీడన కూర్చుని, ఆరు దాటాక వీధిలోకి రండి.

4. భోజనం: శాకాహారులు ఏం అడగాలి

దీనిమీదే నాకు ఎక్కువ ప్రశ్నలొస్తాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

"సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అని. అయితే చాలామందికి కార్నె అంటే గొడ్డుమాంసమో పందిమాంసమో మాత్రమే, కోడి, చేప ఆ లెక్కలోకి రావు. అందుకని పూర్తిగా చెప్పండి: "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ మరిస్కోస్." మాంసం, కోడి, చేప, రొయ్యలూ గుల్లలూ ఏవీ వద్దని అర్థం.

కనపడని మాంసాహారం మూడు చోట్ల ఉంటుంది.

మొదటిది బీన్స్. ఉడికించి మెదిపి వేయించే ఫ్రిహోలెస్‌లో పందికొవ్వు వేయడం మామూలు. దాన్ని మంతెకా అంటారు. "లొస్ ఫ్రిహోలెస్ తియెనెన్ మంతెకా?" అని అడగండి.

రెండోది గోధుమ తొర్తియా. చూడ్డానికి మన చపాతీలాగే ఉంటుంది, పిండిలో మాత్రం చాలాచోట్ల పందికొవ్వే కలుపుతారు. ఉత్తర మెక్సికో, బాహా ప్రాంతాల్లో అడక్కుండా వడ్డించేది ఇదే. మొక్కజొన్న తొర్తియా అడగండి: "తొర్తియా దె మాయీస్." సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బి ఒత్తుతారు, పిండిలో కొవ్వు పడదు.

మూడోది అన్నం. ఎర్రగా కనిపించే టమాటా అన్నం తరచూ కోడి ఉడికించిన నీళ్లతో వండుతారు. అడక్కుండా తినొద్దు.

వీటిని తప్పించుకున్నాక తినడానికి చాలానే మిగులుతాయి: మొక్కజొన్న తొర్తియాలో చీజ్ పెట్టి కాల్చిన కెసాదియా, నాగజెముడు ఆకులతో చేసే నోపాలెస్, అవకాడో మెదిపి చేసే వాకమోలె, గుడ్డు తినేవాళ్లకు టమాటా పచ్చిమిర్చి వేసిన వెవోస్ అ ల మెహికానా. కారం చాలకపోతే హబనేరో సల్సా అడగండి, కానీ మొదట చెంచా కొసతో రుచి చూడండి. గుంటూరు కారం అలవాటైన నాలుకకూ అది గట్టిగానే తగులుతుంది.

మాంసాహారులకు ఈ ఊళ్లో వెతుక్కోవాల్సింది అల్మేహా చొకొలాతా, ఒక రకం సముద్రపు గుల్ల. పైచిప్ప చాక్లెట్ రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు, రుచికి చాక్లెట్‌తో సంబంధం లేదు. గులకరాళ్లలో గుచ్చి పైన ఎండుకంప వేసి కాల్చి తీసేదాన్ని తతెమాదాస్ అంటారు. అది చేయడానికి టైము పడుతుంది, అప్పటికప్పుడు దొరకదు. పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే మేలు.

తాగడానికి ఆగ్వా దె హమైకా తీసుకోండి. ముదురెరుపు రంగు, పులుపు, తీపి. ఆ పులుపు ఎక్కడో తాగినట్టుందే అనిపిస్తుంది. మన గోంగూర జాతి మొక్కే అది: మనం ఆకు తింటాం, వాళ్లు పువ్వు కింది ఎర్రటి రక్షక పత్రాలను ఎండబెట్టి నీళ్లలో మరగబెడతారు. చింతపండు పానకం కూడా దొరుకుతుంది, పేరు తమరిందో.

బిల్లు అడిగేదాకా తీసుకురారు. ముందే తెచ్చి పెడితే వెళ్లిపొమ్మన్నట్టు ఉంటుందని వాళ్ల మర్యాద. కాబట్టి మూడుకు పావుగంట ముందే "ల క్వెంతా, పోర్ ఫవోర్" అనండి. టిప్ 10 నుంచి 15 శాతం. లేచి వెళ్తూ పక్క బల్ల వాళ్లకు "ప్రొవెచో" అంటే ముఖాలు వికసిస్తాయి, తృప్తిగా తినండి అని అర్థం.

5. మ్యూజియం చర్చి కంటే ముందు

చర్చి పక్కనే జెసూట్ మిషన్ల మ్యూజియం ఉంది. జెసూట్లు ఒక కథోలిక పాదరీల సంఘం, ఇక్కడ మిషన్లు మొదట పెట్టింది వాళ్లే. చర్చి తెరిచి ఉంది కదా అని అందరూ ముందు అందులోకి దూరతారు. అలా చేస్తే చర్చి ఒక పాత రాతి గదిలా కనపడి ఊరుకుంటుంది. ముందు మ్యూజియం చూస్తే ఆ రాయికి అర్థం తెలుస్తుంది.

బోర్డులన్నీ చదవాలని కూర్చోవద్దు. గంటలో మూడు పనులు చేయండి.

మొదటిది, మిషన్ల కంటే ముందు ఈ ఎడారిలో ఉన్నవాళ్ల గురించిన భాగం దగ్గర ఆగండి. కొచిమి, గ్వైకురా, పెరికు పేర్లు గుర్తుపెట్టుకోండి. లోరెతో తీరాన ఉండేవాళ్లను మోంకి అనేవారు, ఈ చోటుకు వాళ్ల పేరు కొంచో. మిషన్ పూర్తి పేరులో ఆ మాట ఇప్పటికీ ఉంది: నువెస్త్రా సెన్యోరా దె లోరెతో కొంచో. మశూచి, తట్టు లాంటి బయటి జబ్బులతో ఈ జనం అంతా దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. ఈ సంగతి తెలియకుండా చర్చి చూడటం సగం చూడటమే.

రెండోది, మిషన్ల మ్యాపు వెతికి దాని ముందు ఐదు నిమిషాలు నిలబడండి. మిషన్లు మొదలైన ఏళ్లు చూడండి: లోరెతో 1697, సాన్ హవియేర్ 1699. అక్కడి నుంచి వేలు పైకి కదిపితే మూలెహే, సాన్ ఇగ్నాసియో. 1767లో స్పెయిన్ రాజు జెసూట్లను వెళ్లగొట్టాక ఫ్రాన్సిస్కన్లనే మరో కథోలిక సంఘం వాళ్లు వచ్చారు. 1769లో వాళ్లలో ఒకడైన హునీపెరో సెర్రా ఈ ఊరి నుంచే ఉత్తరానికి బయల్దేరి, అదే ఏడు శాన్ డియాగోలో మిషన్ పెట్టాడు. ఆ తర్వాత ఇప్పటి అమెరికాలోని కాలిఫోర్నియాలో శాంతా క్లారా 1777, ఫ్రీమాంట్‌లోని మిషన్ శాన్ హోసే 1797. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లు రోజూ ఎల్ కమీనో రియల్ అనే రోడ్డు మీద ఆఫీసుకు వెళ్తుంటారు. ఆ పేరున్న దారి ఈ ఊరి దగ్గర మొదలైంది. పిల్లలతో వెళ్తే ఈ మ్యాపు దగ్గరే వాళ్లకు ఆసక్తి పుడుతుంది.

మూడోది, బయటికి వచ్చేముందు ఈ రాయి, కలప, ధాన్యం ఎక్కడి నుంచి వచ్చేవో ఒకసారి ఆలోచించండి. ఈ ఎడారి మిషన్లు సముద్రం అవతల మెక్సికో ప్రధాన భూభాగం నుంచి పడవల్లో వచ్చే సరుకుల మీదే ఎక్కువగా బతికాయి.

6. చర్చిలో ఏం చూడాలి, ఎలా మసలాలి

లోపలికి వెళ్లకముందు గుమ్మం పైన చెక్కిన స్పానిష్ వాక్యం చదవండి: దిగువ, ఎగువ కాలిఫోర్నియా మిషన్లకు తల, తల్లి అని దాని అర్థం. దిగువ అంటే ఈ బాహా, ఎగువ అంటే ఇప్పుడు అమెరికాలో ఉన్న భాగం. ఇప్పుడే మ్యాపు చూసి వచ్చారు కాబట్టి ఆ మాట ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

తర్వాత పది అడుగులు వెనక్కి వేసి గంటగోపురాన్నీ, చర్చి గోడనూ పోల్చి చూడండి. రాతిగుడి 1740లలో కట్టింది, ఇప్పటి గోపురం 20వ శతాబ్దంలో తిరిగి లేపింది. 1829 తుపాను ఊరిని దెబ్బతీశాక అప్పటిదాకా ఇక్కడే ఉన్న బాహా కలిఫోర్నియా రాజధాని లా పాస్‌కు వెళ్లిపోయింది. ఈ గోడ నిలబడింది.

లోపల ఒకే పొడవాటి మంటపం. మధ్యకు వచ్చి రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. బయటి వెలుగు నుంచి వచ్చిన కళ్లకు అప్పుడే చీకటి అలవాటు పడి పైకప్పు దూలాలు, ఎదురుగా బంగారు పూత పీఠం స్పష్టంగా కనిపిస్తాయి. గోడ మందం కిటికీల దగ్గర తెలుస్తుంది. ఆ తర్వాత లోరెతో మాత ప్రతిమ ఎక్కడుందో వెతకండి. 1697లో ఈ మిషన్ పెట్టిన జెసూట్ పాదరీ హువాన్ మరియా దె సాల్వతియెర్రా వెంట తెచ్చిందని చెప్తారు.

ఇది ఇప్పటికీ పూజలు జరిగే గుడి, అందుకే కొన్ని సంగతులు:

☐ చెప్పులు విప్పక్కర్లేదు, టోపీ మాత్రం తీయాలి
☐ భుజాలు కప్పుకోవాలి
☐ ఫ్లాష్ వద్దు. ఎవరైనా ఉంటే ముందు అడగండి: "ప్వెదో తొమార్ ఫోతోస్?"
☐ ఎవరైనా మోకరిల్లి ఉంటే వాళ్ల ముందు నుంచి నడవకండి, వెనక నుంచి వెళ్లండి
☐ పెళ్లో, అంత్యక్రియల ప్రార్థనో జరుగుతుంటే బయటే ఆగి, ప్లాసా చూసి మళ్లీ రండి

పూజ జరుగుతుండగా వెళ్తే ఒక జాగ్రత్త. అందరూ వరసలో నిలబడి అప్పం తీసుకుంటుంటే మన గుళ్లో ప్రసాదం అనుకుని కొందరు చేయి చాస్తారు. అది కథోలికులకు మాత్రమే ఇచ్చే దివ్యసత్ప్రసాదం. గుణదల వెళ్లే అలవాటున్నవాళ్లకు తెలుసు. మిగతావాళ్లు కూర్చున్నచోటే మౌనంగా ఉంటే ఎవరూ తప్పు పట్టరు.

7. వీధి, తర్వాత సముద్రపు ఒడ్డు

చర్చి నుంచి సముద్రం దాకా సాల్వతియెర్రా వీధిలో పది నిమిషాల నడక. వీధికి రెండు పక్కలా ఉన్న చెట్లను పైన కలిపి కమానుల్లా కత్తిరించారు. ఆకు చూస్తే మన జువ్వి, రావి బంధువని తెలిసిపోతుంది. అక్కడివాళ్లు దాన్ని లౌరెల్ దె ల ఇందియా అంటారు. నడకలో ఒకచోట నగర పాలక భవనం, ప్లాసా వస్తాయి. కాసేపు బెంచీ మీద కూర్చోండి, సాయంత్రం కాగానే ఊరంతా అక్కడికే చేరుతుంది. కొట్లోకి వెళ్తే ముందు "బ్వెనాస్ తార్దెస్" అనండి, ఆ తర్వాతే బేరం.

సముద్రపు ఒడ్డు నడకదారిని మలెకోన్ అంటారు. ఇక్కడ చాలామంది ఒకలాగే పొరబడతారు. సూర్యుడు సముద్రంలో మునుగుతాడనుకుని కెమెరా పట్టుకుని నీళ్లవైపు ఎదురుచూస్తారు. లోరెతోకు సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు దిగేది మీ వెనక, సియెర్రా దె ల హిగాంతా కొండల చాటుకు. చూడాల్సింది ఎదురుగా ఉన్న కార్మెన్ దీవిని: కొండల మీదుగా వచ్చే చివరి వెలుగు దాని మీద పడి రాయంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. అది కొద్ది నిమిషాలే ఉంటుంది. సూర్యాస్తమయానికి ఇరవై నిమిషాల ముందే ఒడ్డున ఉండండి, ఎందుకంటే కొండల వల్ల ఊళ్లో నీడ ముందే పడుతుంది.

8. దారి తప్పినప్పుడు సర్దుకోవడం

మ్యూజియం మూసి ఉంది: ముందు చర్చి చూడండి, ఫోన్‌లో బాహా మిషన్ల మ్యాపు తెరిచి 5వ భాగంలో చెప్పిన ఊళ్లను ప్లాసా బెంచీ మీద కూర్చుని గుర్తించండి. రాత్రి అక్కడే ఉంటే మర్నాడు పొద్దున తెరవగానే వెళ్లండి.

ఆలస్యంగా వచ్చారు, రెండు గంటలే ఉన్నాయి: భోజనం వదిలేసి పండ్ల ముక్కలో కెసాదియానో చేతిలో పట్టుకోండి. మ్యూజియం ముప్పావుగంట, చర్చి అరగంట, తర్వాత ఒడ్డు. వీధి ఎలాగూ దారిలోనే ఉంది.

ఎండదెబ్బ లక్షణాలు, తలనొప్పి, వికారం: వెంటనే నీడలోకి వెళ్లండి. మందుల షాపులో "సువేరో" అడిగితే ఓఆర్ఎస్ లాంటిది ఇస్తారు.

పిల్లలు విసుగెత్తారు: చర్చిని పది నిమిషాలకు కుదించి ఒడ్డుకు తీసుకెళ్లండి. పెలికాన్లు నీళ్లలోకి దూకడం చూస్తే వాళ్లు మళ్లీ ఉత్సాహంగా ఉంటారు.

9. ఇంకో పూట మిగిలితే సాన్ హవియేర్

లోరెతో నుంచి కొండల్లోకి సుమారు 35 కిలోమీటర్లు, గంట ప్రయాణం. ఇక్కడి రాతిగుడి 1744 నుంచి 1758 వరకు కట్టారు, లోరెతోలో కంటే చెక్కడపు పని బాగా నిలిచింది. మధ్యాహ్నం కాకుండా పొద్దున వెళ్లండి, అప్పుడు లోరెతో మధ్యాహ్నం యథాతథంగా మిగులుతుంది.

☐ లోరెతోలోనే పెట్రోలు నింపుకోండి, నగదు తీసుకోండి
☐ మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల్లో సిగ్నల్ నిలవదు
☐ ముందురోజు వానపడితే వాగులు దాటేచోట దారి ఎలా ఉందో హోటల్లో అడిగి బయల్దేరండి
☐ మలుపుల్లో ఆవులు, మేకలు రోడ్డు మీద నిలబడి ఉంటాయి, వేగం వద్దు

గుడి చూసి అక్కడితో తిరిగి రావొద్దు. వెనకవైపు తోటల మధ్య నుంచి కాలిబాట ఉంది, కొద్ది నిమిషాలు నడిస్తే మిషన్ కాలం నాటిదని చెప్పే ఆలివ్ చెట్టు వస్తుంది. మొదలు తాడు పేనినట్టు మెలితిరిగి ఉంటుంది, ఇప్పటికీ ఆకులేస్తోంది. దాని నీడలో నీళ్లు తాగి, పదకొండున్నర లోపు కారెక్కితే ఒంటిగంటకల్లా లోరెతోలో ఉంటారు. సాయంత్రం వెళ్లాలనుకునేవాళ్లకు నా జవాబు వద్దనే: చీకట్లో ఆ ఘాట్‌లో పశువులు కనపడవు.